వినాయకుడి తొండానికి పాస్‌వర్డ్

ఆళ్లగడ్డలో ఒక వినాయకుడి తొండం నా వల్ల దారి తప్పబోయిన ఘోరం చెబుతాను. విని నవ్వుకోండి గానీ, నాకు కంప్యూటర్ నేర్పినవాళ్లను మాత్రం తిట్టకండి. వాళ్లు సరిగ్గానే నేర్పారు. మిగతాదంతా నా సొంత తెలివి.

రెండువేల ఒకటో, రెండో సంవత్సరం. నంద్యాలలో కోర్సు ముగించి, ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కూడా కట్టించి, ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కించే పెద్దాచారి కార్ఖానాలో చేరాను. ఏ ఊరివాళ్లు ఏ దేవుణ్ణి అడిగారు, ఎత్తు ఎంత, భంగిమ ఏది, అన్నీ డేటాబేస్‌లో ఎక్కించడం నా పని. అందులోంచి నేను ప్రింటు తీసిచ్చిన చీటీ చూసి శిల్పులు చెక్కాలి. 'నోటిమాట చెల్లదు, కాగితంలో ఉన్నదే చెక్కాలి' అని పెద్ద అక్షరాలతో గోడకు అంటించింది కూడా నేనే.

అన్నీ ఎక్కించాక తాళాల పని మొదలుపెట్టాను. ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది పెద్దాయనకు ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే ఆయనే అందుకున్నాడు.

"మా కాడ రాయిని అందురూ చెక్కుతారు. దేవుని కండ్లు మాత్రం నేనే తెరుస్తా. అట్లాంటిదేనా?"

"అచ్చం అదే పెద్దాయనా. అందరూ చూడొచ్చు. మార్చేది మీరొక్కరే."

"మల్ల నువ్వు?"

"నాక్కూడా వద్దు" అన్నాను. అడగకుండానే త్యాగం చేసే వయసు అది. నా పేరు మీదున్న హక్కులన్నీ నా చేత్తోనే పీకేసి, ఆయన పేరుకు కట్టబెట్టాను. "పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదు, మీ కొడుకు ఓబులేసుకు కూడా చెప్పకూడదు" అని, కీబోర్డు ఆయన ముందుకు జరిపి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. గర్భగుడికి తెర వేసినప్పుడు కూడా నేనంత భక్తిగా నిలబడి ఎరగను. చాలాసేపటికి "అయిపాయప్పా" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున శిరివెళ్ల వాళ్ల వినాయకుడి చీటీ చూస్తే నా తప్పు కనబడింది. వాళ్లు అడిగింది ఎడమ తొండం. నేను ఎక్కించింది కుడి తొండం. కుడి తొండం సామికి నియమాలెక్కువ, మా ఊరివాళ్ల వల్ల కాదని వాళ్లు ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ పోయారు. అలాగే చెక్కేస్తే ఇక ఆ విగ్రహాన్ని తాకరు. మంచి రాయి పాడవుతుంది, రాయితో పాటు నా ఉద్యోగం పోతుంది.

ఓబులేసు అప్పటికే ఉలి పట్టి ఉన్నాడు.

"ఓబులేసూ, ఆగు. తొండం ఎడమకు."

"కాయితంలో కుడికుండాది కదన్నా."

"కాగితం తప్పు."

"నోటిమాట చెల్లదని గోడకు అంటిచ్చింది ఎవురు?"

"నేనే."

"మల్ల? కాయితం మార్చుకోని రాపో. అంతవరకు చెవులు చెక్కుతాంటా. చెవులయితే రెండుపక్కలా ఉంటాయి."

పెద్దాచారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఆ రోజు అమ్మవారి విగ్రహానికి కళ్లు తెరవాలి. ఆ పని ఉన్న రోజు తెల్లవారినప్పటి నుంచి కళ్లు తెరిచేదాకా ఆయన మాట్లాడడు, ఉలి తప్ప మరేదీ చేత పట్టడు. ఆ సంగతి నాకు తెలుసు. తాళం ఇచ్చేటప్పుడే గుర్తు రాలేదు.

ఇక్కడ నిజం చెప్పి ఉండొచ్చు కదా అని మీరంటారు. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తుంది. అప్పుడు మాత్రం "ఏం లేదు పెద్దాయనా, చిన్న సర్దుబాటు. పాస్‌వర్డ్ కావాల" అన్నాను.

ఆయన రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.

"మర్చిపోయినారా?" కాదని తల ఊపాడు.

"చెప్పనంటారా?" అదీ కాదన్నాడు. మళ్లీ అరచేతులు చూపించి, వాటి మీద ఉఫ్ అని ఊదాడు.

నాకు మెరుపులా తట్టింది. ఊదితే గాలి. గాలిదేవుడి కొడుకు ఆంజనేయుడు. ఉరికి వెళ్లి ఆంజనేయుడి పేర్లన్నీ కొట్టాను. తెరుచుకోలేదు. అహోబిలం పక్కనే ఉన్నాం కాబట్టి నరసింహస్వామిని అన్ని స్పెల్లింగుల్లోనూ ప్రార్థించాను. ఆయనా కరుణించలేదు.

"అన్నా, ఒక చెవి అయిపాయ" అని ఓబులేసు కేక వేశాడు.

పది వేళ్లు చూపించాడు కాబట్టి పది అవతారాలు కావచ్చనుకుని వరసగా కొట్టుకుంటూ పోయాను.

"రెండోది గూడా అయిపోతాంది. బేగా రాన్నా."

చేతకాని కోపంతో, గడిలో ఏమీ కొట్టకుండానే ఎంటర్ మీద ఒక గుద్దు గుద్దాను. డేటాబేస్ తెరుచుకుంది. ఎలా అని ఆలోచించే తీరిక లేదు. తొండం ఎడమకు మార్చి, ప్రింటు తీసి, ఆ చీటీ పట్టుకుని పరుగెత్తాను. ఓబులేసు దాన్ని తీరుబడిగా చదివి, "ఇప్పుడు సరే" అని ఉలి ఎడమవైపుకు జరిపాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

మధ్యాహ్నం అమ్మవారి కళ్లు తెరిచి, అద్దం చూపించి, పెద్దాచారి నోరు విప్పాడు.

"మద్దిలేటీ, పాస్‌వర్డ్ పెట్టిన పొద్దు నాకు అచ్చరాలు యాడుండాయో దొరకలే. ఉత్త ఎంటర్ కొడితిని, అది సరేననె. ఏమీ లేదురా అని చేతులు చూపిస్తాంటే నువ్వు యాడికి ఉరికితివి?"

తొండం సంగతి బయటపడలేదు కదా అని నేను లోలోపల సంతోషిస్తున్నాను. ఆయన తువ్వాలు దులుపుకుంటూ, "శిరివెళ్లోళ్ల తొండం మార్చినావా?" అన్నాడు.

"మీకెట్లా తెలుసు?"

"ఎడమకని వాళ్లు నాకూ చెప్పిపోయిరి గదా. పొద్దున్నే చీటీ చూస్తి. చెవులు ముందు చెక్కమని ఓబులేసుకు సైగ చేసింది ఎవురనుకుంటివి?"

"మరి నాకెందుకు చెప్పలేదు పెద్దాయనా?"

"నువ్వడిగింది పాస్‌వర్డ్ కదప్పా. తొండం అని అడిగింటే ఇట్లంటుంటి" అని ఎడమచేత్తో ముక్కు దగ్గర నుంచి ఒక్క వంపు తిప్పి చూపించాడు. ఓబులేసు సుత్తి కింద పెట్టి మరీ నవ్వాడు.

ఆ కార్ఖానాలోనే చాలా ఏళ్లు హాయిగా పనిచేశాను. ఆ రోజు మాత్రం కొత్తగా కళ్లు తెరిచిన అమ్మవారి ఎదుట నిలబడి గట్టిగా ప్రమాణం చేశాను. తాళం వేస్తే చెవి ఒకటి నా దగ్గరా ఉంచుకుంటాను. పాస్‌వర్డ్ పెట్టేవాళ్లకు వీపు చూపించను. తప్పు చేస్తే దాచకుండా ముందే చెబుతాను.

మొదటి రెండూ ఇప్పటికీ నిష్ఠగా పాటిస్తున్నాను.