మా మగ్గం గుంటలో సారపాము

మా చిన్నప్పుడు... గుడియాత్తంలో మా నాయన మగ్గం దగ్గర కూర్చోగానే కాళ్ళు గుంటలోకి దించేవాడు కాదు. ముందు పక్కనున్న చెక్క మీద చేత్తో తట్టేవాడు. "జరుగు, నేను దిగతా ఉండా" అనేవాడు. ఆ మాట అమ్మతో కాదు, నాతో కాదు... గుంటలో చుట్ట చుట్టుకుని పడుకున్న సారపాముతో.

సారపామంటే జెర్రిపోతే. విషం లేనిది. నాయన మాట విన్నట్టే మెల్లగా కదిలి, గుంట మూలలో ఉన్న బొక్కలోకి పోయేది. అప్పుడు నాయన కాళ్ళు దించి, పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడిస్తూ నేసేవాడు.

మా వీధంతా నేతవాళ్ళమే. పడుగుకు గంజి పెడతాం కదా... ఆ గంజి వాసనకి ఎలుకలు ఊరుకుంటాయా? ఎవరింట్లో చూసినా తెగిన నూలే, తిట్లే. మా ఇంట్లో మాత్రం ఒక్క పోగు తెగేది కాదు. "దాన్ని మనం పెంచలేదు మ్మా. అదీ ఈడ ఉండాది, మనమూ ఈడ ఉండాం, అంతే" అనేవాడు నాయన.

ఆయనకేం, హాయిగా చెప్పేవాడు. నా బాధ ఎవరికి పట్టింది? వీధిలో ఒక్క ఆడపిల్ల మా గడప తొక్కేది కాదు. మాది పాము ఇల్లట. అందరూ పక్కింటి సరస వాళ్ళ తిన్నె మీదే చేరేవాళ్ళు.

ఏం తిన్నె అండీ అది... అరుగంటే అరుగు, అంతే. అక్కడక్కడా పెచ్చులూడిపోయి, సాయంత్రం దాకా ఎండ. మాదేమో నున్నగా అలికి, ముగ్గు పెట్టి, మధ్యాహ్నానికే నీడ పడేది. అచ్చనగాయలు ఆడటానికి కౌండిన్య ఏట్లో ఏరి తెచ్చిన గుండ్రటి రాళ్ళు వీధి మొత్తానికీ నా దగ్గరే ఉండేవి. సరస దగ్గర ఉన్నవి ఏవో గచ్చు ముక్కలు. అయినా అక్కడే అందరూ. నేనూ అక్కడికే పోయి ఆడేదాన్ని, ఏం చేస్తాను... ఓడిపోతే మాత్రం నా రాళ్ళు నేను ఏరుకుని వచ్చేసేదాన్ని. నా రాళ్ళు కదా.

ఒకసారి అమ్మ చేత బొరుగులు, బెల్లం కలిపించి, పిల్లలందరినీ బతిమాలి మా ఇంటికి పిలుచుకొచ్చాను. వచ్చారు. తిన్నె మీద కూర్చున్నారు. అమ్మ వాళ్ళ పావడాల్లో బొరుగులు పోసింది. నా ఆనందం చూడాలి మీరు... అంతలో ఒకతి తల ఎత్తి చూసింది. చూరులో పాము విడిచిన కుబుసం వేలాడుతోంది. అంతే, కేకలు పెడుతూ ఒక్క పరుగు. పోతే పోయారు, నా బొరుగులు కూడా పట్టుకుపోయారు. సరస వాళ్ళ తిన్నె మీద కూర్చుని, అందరూ పంచుకుని తిన్నారు. కళ్ళారా చూశాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఈ పాము మా ఇల్లు వదిలి పోవాలి. పోతే వాళ్ళంతా మా తిన్నెకి వస్తారు.

నా కోరిక ఎలా తీరిందో చూడండి. ఆ వానాకాలంలో సరస వాళ్ళింట్లో చుట్టి పెట్టిన పడుగును ఎలుకలు కొరికి పీలికలు చేశాయి. వాళ్ళమ్మ ఏడుస్తూ మా నాయన దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ మా గడప వైపు చూడటానికే జంకే మనిషి... వీధిలోనే నిలబడి, "అన్నా, మీ సారపామును నాలుగు దినాలు మా ఇంటికి పంపీయన్నా" అని అడిగింది.

నాయన నవ్వలేదు. "నేనేం దానికి తాడు కట్టి ఉండానా మ్మా, తోలుకొని వచ్చేదానికి? మీ ఇంట్లో ఎలికలుండాయి గదా, అదే వస్తాది. మీరు మాత్రం కట్టె ఎత్తొద్దండి" అన్నాడు.

నిజంగానే పోయింది. గోడ వారగా పాకుతూ వాళ్ళ గడప కిందకి దూరడం నేనే చూశాను. గెంతులేశాను. తిన్నె మళ్ళీ అలికాను. రాళ్ళు కడిగి వరసగా పెట్టి కూర్చున్నాను.

ఒక్కరూ రాలేదు.

వెళ్ళి చూద్దును కదా... సరస తిన్నె మీద ఎప్పటిలాగే గుంపు. అందరూ కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నారు. మధ్యలో సరస, మా నాయన మాటలే అప్పజెబుతోంది. అది ఏమీ చెయ్యదంట, దానికి కావాల్సింది ఎలుకలంట, తట్టి చెబితే జరుగుతుందంట. నన్ను చూసి, "రా మ్మే, మా పామును చూద్దువు" అంది.

మా పాము.

గిర్రున వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చేశాను. నాయన మగ్గం మీద కూర్చుని, అలవాటుగా చెక్క తట్టి, ఖాళీ గుంటలోకి కాళ్ళు దించాడు. అది మళ్ళీ మా గుంటకి రాలేదు. మాకు ఎలుకలు మాత్రం వచ్చాయి.

ఇప్పుడా గుంటలు పూడిపోయాయి. తిన్నెలు కొట్టేసి గదులు కట్టుకున్నారు. పాము కనిపిస్తే చాలు, పది మంది కట్టెలతో దిగుతారు... జరగమని చెప్పేవాళ్ళు లేరు.

సరస ఇప్పుడు బాగాయంలో కూతురి దగ్గర ఉంటోంది. పెళ్ళిళ్ళలో కనిపిస్తుంది. పళ్ళు ఊడాయి గానీ నోరు అలాగే ఉంది. మొన్న కూడా పందిట్లో కూర్చుని, "మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక సారపాము ఉండె..." అని మొదలుపెట్టింది. పిల్లలంతా చుట్టూ చేరిపోయారు. నా మనవరాలు కూడా నా ఒళ్ళోంచి దిగి అక్కడికే పోయింది.

అందుకే చెబుతున్నాను, అందరూ వినండి. ఆ పాము మాది. మీ ఇంట్లోనూ అలా మీతోపాటు బతికిన జీవం ఏదైనా ఉంటే చెప్పండి... పక్కింటివాళ్ళు చెప్పకముందే.