సముద్రానికి పోయిన చెయ్యి

మేడ్చల్‌కు సముద్రం చాలా దూరం. అయినా పగడాలు పెరగడానికి నీళ్లలో దించే సిమెంటు గూళ్లను అక్కడే పోయిస్తాం. ఎందుకని అడిగేంత పెద్ద ఉద్యోగం కాదు నాది. పోయినేడు వాటిని పరిశీలించడానికి విశాఖ నుంచి వెళ్లాను. ఒక గూటి మీద, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు పడిన చెయ్యి అచ్చు కనిపించింది. నాలుగే వేళ్లు.

“నాదే సారు,” అంది అక్కడ పనిచేసే మల్లవ్వ. ఆమె చిటికెన వేలు కాంక్రీటు కలిపే మిషన్లో పోయింది. “కట్టినోళ్ల చెయ్యి లేని ఇంట్ల ఎవలుంటరు? నువ్వు వాపస్ జేస్తే పలగ్గొడ్తరు. పోనియ్యి సారు. అండ్ల ఎవలన్న దిగితె జర చెప్పు.”

చూడనట్టు సంతకం పెట్టాను. ఆ పనిలో నాకు అనుభవముంది.

మొన్న, సముద్రం అడుగున ఆ గూటికి తీసిన ఫోటోతో మేడ్చల్‌కు మళ్లీ వెళ్లాను. గూడంతా బోసిగా ఉంది, పగడం ఆ అచ్చులో మాత్రమే పట్టింది. మల్లవ్వ ఫోను దగ్గరగా పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టింది. ఐదున్నాయి.

“పక్కకు పెరిగిందేమో,” అన్నాను. అంతకు మించి చెప్పే ధైర్యం సైన్సుకు లేదు.

ఆమె చిటికెన వేలు లేని చోటును నెమ్మదిగా రుద్దుకుంది.

“గందుకే సారు, ఏడాది సంది గీడ సల్లగుంటాంది.”