గంట పాత నకలు

దబీర్‌పురా స్టేషన్‌లో లోకల్ రైలు కోసం ఎదురుచూస్తూ, ఆఫీసు స్నేహితుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మేం అప్పుడు ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. రోగి పేజీ తెరిచిన ప్రతిసారీ డేటాబేస్‌లో పట్టికలన్నీ వెతకాల్సి రావడంతో అది నత్తనడక నడిచేది.

"తరచూ అడిగే వివరాల నకలు మెమరీలో పెట్టేశాను. గంటకోసారి కొత్తది వచ్చి చేరుతుంది. ఇప్పుడు పేజీ క్షణంలో తెరుచుకుంటోంది," అని గర్వంగా చెప్పి ఫోన్ పెట్టేశాను.

బెంచీ మీద నా పక్కనున్న పెద్దావిడ ఇటు తిరిగింది.

"ఏమనుకోకు బిడ్డా, నేను నర్సు పని చేసి రిటైరైన. పది గంటలకు డాక్టర్ మందు బంద్ పెడితే, మీ కంప్యూటర్ పదకొండు దాక ఇయ్యమనే చెప్తదా?"

అవునని ఒప్పుకున్నాను.

"మేం గూడ పని జల్ది అయితదని మందుల చీటీలకు నకలు రాసి టేబుల్ మీద పెట్టుకునేటోళ్లం. ఒకసారి పాత నకలు చూసి సూదిమందు నింపిన. 'సిస్టరమ్మా, అది పొద్దుగాలనే బంద్ చేసిండ్రు గదా' అని పేషెంటే నా చెయ్యి పట్టుకున్నడు. గప్పటి సంది డాక్టర్ కొత్తది రాయంగనే నకలు చింపేసేదాన్ని. ఫికర్ చెయ్యకు, నకలు మంచిదే. చింపుడు యాది ఉండాలె."

రైలు రాగానే ఆవిడ ఆడవాళ్ల పెట్టె వైపు వెళ్లిపోయింది. పేరైనా అడగలేకపోయాను.

డాక్టర్ ఏది మార్చినా ఆ రోగి నకలు వెంటనే చెరిగిపోయేలా మర్నాడే కోడ్ మార్చాను. పేజీ వేగం తగ్గలేదు.

గత నెల మా అమ్మను అదే ఆసుపత్రిలో చేర్చాం. నర్సు ఆ పేజీ చూసి మందు ఇస్తుంటే, నేను నిశ్చింతగా పక్కన కూర్చుని బత్తాయి వలిచాను.