నాలుగో వేలు పలికిన రోజు

నిన్న ఉదయం కోరాపుట్‌లోని మా ఇంటికి నేను కొనుక్కున్న ఒక పాత పియానో వచ్చింది. నలుగురు మనుషులు దాన్ని వ్యానులోంచి దింపి, ఆయాసపడుతూ ముందు గదిలో పెట్టారు. మూత ఎత్తగానే పాత కర్ర వాసన, తడిసి ఆరిన ఉన్నిగుడ్డ వాసన, కలరా ఉండల వాసన కలిసి ముఖానికి కొట్టాయి. ఒక్క క్షణంలో నేను పదకొండేళ్ళ పిల్లనైపోయాను. రాయగడ చర్చిలో, ఎత్తు చాలక రెండు దిండ్ల మీద కూర్చుని, సలోమి సిస్టర్ గారు ఎప్పుడు మొదలుపెట్టమంటారా అని చూస్తున్నాను.

రాయగడలో మాకు పప్పుల దుకాణం ఉండేది. ఒక సాయంత్రం నాన్న షట్టర్ దించుతుండగా, జారిపడిన పెన్సిల్ కోసం నేను దాని కింద చేయి పెట్టాను. ఆయన చూడలేదు. నా ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు విరిగాయి. కట్టు విప్పాక చూస్తే ఆ రెండూ పుల్లల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. మళ్ళీ వంగుతాయో లేదో చెప్పలేనన్నారు డాక్టరు గారు. ఆ రోజు నుంచి నాన్న నా ఎడమచేతిని ముట్టుకోలేదు. రోడ్డు దాటేటప్పుడు కూడా చుట్టూ తిరిగి నా కుడివైపుకి వచ్చేవారు.

సలోమి సిస్టర్ గారు నాకు కట్టు కట్టిన ఆసుపత్రిలో నర్సు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. పొట్టిగా, చురుగ్గా, నడుస్తున్నా పరిగెత్తుతున్నట్టే ఉండేవారు. నొక్కమని ఆవిడిచ్చిన రబ్బరు బంతిని నేను మంచం కింద దాచేసిన సంగతి రెండో వారానికే కనిపెట్టేశారు.

"ఏటమ్మీ, బంతి నొక్కనేదా?"

"విసుగేస్తంది సిస్టర్ గారూ."

ఆవిడ తిట్టలేదు. కాసేపు నా వేళ్ళను తిప్పి తిప్పి చూసి, "అయితే రేపు నాలుగింటికి సర్చికి రా. సప్పుడు సేసే బంతి సూపిస్తాను" అన్నారు. ప్రతి ఆదివారం అక్కడ పియానో వాయించేది ఆవిడేనని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు నాన్న స్కూటర్ మీద దింపి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డారు. నేను ఉంగరపు వేలిని పియానో మెట్టు మీద పెట్టి, భుజం పైకెత్తి బలమంతా వేసి తోశాను. మెట్టు కిందికి దిగింది. శబ్దం మాత్రం రాలేదు.

"బుజంతో కాదు, ఏలితోనే. నిమ్మకాయ పట్టుకున్నట్టు సెయ్యి గుండ్రంగా పెట్టు. ధీరే, ధీరే." ఒడియా రోగులతో 'మెల్లగా' అని చెప్పి చెప్పి ఆ మాట ఆవిడ నాలుక మీద స్థిరపడిపోయింది. తర్వాత చేతిసంచిలోంచి జ్వరం మాత్ర ఒకటి తీసి నా చేతి మీద, మణికట్టుకి కాస్త ముందు పెట్టారు. "ఇది పడకుండా అయిదు ఏళ్ళతో అయిదు మెట్లు. పడితే మళ్ళీ మొదటినించి."

ఎన్నిసార్లు పడిందో! బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పలికేవి. నాలుగో వేలి దగ్గరికి వచ్చేసరికి కర్ర చప్పుడే. అలా వారాలు గడిచాయి. ఒక మంగళవారం, ఏ ఆశా లేకుండా వాయిస్తున్నాను. నాలుగో వేలు పలికింది. ఇత్తడి బిందెలో ఒక్క నీటిచుక్క పడ్డట్టు, అంతే. నేను కెవ్వుమన్నాను. ఆవిడ నాకంటే గట్టిగా అరిచారు.

"ఇనపడ్డాదమ్మీ! ఇనపడ్డాది!" అంటూ గుమ్మం దాకా పరిగెత్తి, "బాబూ, మీ అమ్మి ఏలు పలికింది!" అని నాన్నకి కేక వేశారు. ఆయన గబగబా గుమ్మం ముందు మెట్ల దాకా వచ్చి, అక్కడే ఆగిపోయారు.

ఇక నన్ను పట్టేవారు లేరు. పియానోని బాదడం మొదలుపెట్టాను. ఆవిడ నా చేయి పట్టుకుని ఆపారు. "బాదడానికి కోపం సాలు. మెల్లగా వాయించి ఆ ఆఖరి బెంచీ దాకా ఇనిపించు, దానికి కావాల బలం." తనే వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుని, వినపడినప్పుడల్లా చేయెత్తేవారు. ఆ చేయి లేవడం కోసం నేను గంటలు గంటలు వాయించాను. అలా వాయిస్తూంటే చిటికెన వేలు కూడా దారికొచ్చింది.

డిసెంబరులో కోరాపుట్ చర్చిలో పాటల కార్యక్రమం. ఒక పాటకి కుడిచేయి తనది, ఎడమచేయి నాది అని సిస్టర్ గారు తేల్చేశారు. నాన్న కూడా మాతో రైలెక్కారు. దారంతా టిఫిన్ డబ్బా మూత మీద వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాను. కకిరిగుమ్మ స్టేషనులో ఆవిడ తినిపించిన వేడి వడ రుచి కూడా తెలియలేదు. సొరంగం వచ్చి పెట్టె చీకటైనప్పుడల్లా, "ఇప్పుడు సూడకుండా వాయించు!" అనేవారు ఆవిడ. నవ్వాగక నాకు పొలమారింది.

తీరా చూస్తే అక్కడి పియానో మెట్లు మా వాటికంటే బరువు. రెండో చరణంలో నాలుగో వేలు అలిసిపోయింది. ఒక స్వరం పలకలేదు. సిస్టర్ గారు నా వైపు తిరగలేదు. తన కుడిచేతి వేగం మాత్రం కాస్త తగ్గించారు. పాడేవాళ్ళూ నెమ్మదించారు. అంతమంది నా ఒక్క వేలి కోసం ఆగారని తెలిసి ఎక్కడలేని బలం వచ్చింది. ఆ తర్వాత ఒక్క స్వరం కూడా తప్పలేదు.

బయట చలి ఎండలో నాన్న నిలబడి ఉన్నారు. చేయి చాపారు, నా ఎడమచేతి కోసం. నేను అందుకుని, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను.

"అబ్బ! ఇరిసేస్తావేటే అమ్మీ!" అన్నారు. నవ్వుతున్నారు. కళ్ళనిండా నీళ్ళు.

"ఇంకా నొక్కు" అన్నారు వెనక నుంచి సిస్టర్ గారు.

పెద్దయ్యాక నేను ఫిజియోథెరపిస్టునయ్యాను. విరిగిన చేతులు, బిగుసుకున్న వేళ్ళతోనే నా రోజంతా. వ్యాయామాలు కాలేజీలో నేర్చుకున్నాను. ఆవిడ దగ్గర నేర్చుకున్నది వేరు. ఎవరి వేలైనా నువ్వుగింజంత కదిలితే చాలు, వార్డు అదిరేలా అరుస్తాను. పక్క గదివాళ్ళు తొంగి చూస్తారు. కొత్తగా వచ్చిన డాక్టర్లు కంగారుపడతారు. వార్డులో అలా అరవకూడదని నాకు రెండుసార్లు చెప్పారు కూడా. సరేనంటాను. మళ్ళీ ఎవరి వేలో కదులుతుంది.