నాలుగో సీసా

ఒక చిన్న గాజుసీసా బరువు ఎంతుంటుంది? నేను దాన్ని నలభై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, అదీ పేరు దాచుకుని. ధైర్యం అంతవరకే వచ్చింది.

మాది పుంగనూరు దగ్గర పల్లె. డెబ్బైల చివర్లో సరుకు ఓడలో జూనియర్ ఇంజనీర్‌ని. మదనపల్లె ఖాదర్ అదే ఓడలో ఆయిల్‌మన్. ఇద్దరం కుప్పంలో రైలెక్కి మద్రాసు రేవుకు పోయినవాళ్లం. ఓడ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ మనిషి ఎత్తుకు మించి ఉంటుంది. లోపల రాపిడికి అరగకుండా దానికి నూనె అందుతూ ఉండాలి. ఆ నూనె పెట్టెలు నింపడం ఖాదర్ పని. కిందికి కారిన నూనెను వారానికోసారి, సిలిండర్‌కొక సీసా చొప్పున పట్టి చీఫ్ ఇంజనీర్‌కు ఇవ్వడం నా పని. ఆయన వేళ్లతో రుద్ది చూసేవాడు. ఇనుపరజను తగిలితే లోపల అరుగుతోందని అర్థం.

నాలుగో సిలిండర్ కింది కొళాయి పూడుకుపోయింది. విప్పి శుభ్రం చేయాలంటే ఆ వేడిలో గంట పని. నాకు బద్ధకం. మూడో సిలిండర్ నూనెనే రెండు సీసాల్లో పట్టి, ఒకదాని మీద నాలుగు అని రాశాను. ఒక్కసారేనా? కాదు. ఐదు వారాలు.

ఆ తర్వాత నాలుగో సిలిండర్‌లో పిస్టన్ కదలకుండా పట్టేసింది. అంతకుముందు సీసాలో రజను లేదు, అంటే ముందునుంచీ అరుగుతున్నది కాదు, కాబట్టి ఆ రోజు డ్యూటీలో ఉన్న ఖాదరే నూనె పెట్టె ఖాళీగా వదిలేశాడని తేల్చారు. నా సీసానే సాక్ష్యం. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు ఎందుకు పెగల్లేదు? ఉద్యోగం పోతుందని. అంతకంటే గొప్ప కారణమేదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు. తర్వాతి రేవులో అతన్ని దించేశారు. మళ్లీ ఏ ఓడా ఎక్కించుకోలేదు.

సెలవుకొచ్చినప్పుడు అతన్ని మదనపల్లెలో చూశాను. బావుల మీది ఆయిలింజన్లు బాగుచేస్తున్నాడు. నూనెచుక్క వేళ్లమధ్య రుద్ది చూస్తూ తలెత్తాడు.

“పెట్టె నేను ఖాళీగా ఇడిసిపెట్లేదప్పా. ఎవురూ నమ్మేది లేదు. నువ్వన్నా నమ్ముతాండావా?”

“నమ్ముతాండానప్పా.”

“సాలు. నువ్వొకడు నమ్మితే సాలు.”

టీ తెప్పించాడు. సిగ్గులేకుండా తాగాను.

ఎనభైల్లో నేనే చీఫ్‌నయ్యాను. నా కింది వాళ్లు తెచ్చిన సీసాల్లో ఒక్కదాన్నీ నమ్మలేదు.

ఖాదర్ ఇంకా ఉన్నాడు. పెళ్లిళ్లలో కనిపిస్తే, నన్ను నమ్మింది ఈయనొక్కడే అని పక్కవాళ్లకు చూపిస్తాడు. నేను తల ఊపుతాను. నేను నమ్మడమేమిటి, నాకు తెలుసు. నాలుగో సీసాలో ఉన్నది మూడో సిలిండర్ నూనె. ఈ వాక్యాన్ని మొదటిసారి రాశాను. కొట్టేయలేదు.