పైడిరాజు మాయం చేసిన పబ్బు

పైడిరాజు తాత విజయనగరం నుంచి ఓడెక్కి సింగపూరొచ్చాడు. మనవడు మాత్రం ఈ దీవి దాటి పెద్దగా ఎరగడు. ఇరవై ఏళ్లు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చాడు. కంప్యూటర్ల జోరుకి అది మూతపడితే, రెండువేల సంవత్సరంలో, నలభై ఎనిమిదో ఏట, తంజోంగ్ పగార్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో చేరాడు. మూడు నెలలు చూస్తారు, పని నచ్చితేనే ఉంచుతారు. ఈ వయసులో మళ్లీ ఎవరు ఉద్యోగమిస్తారని భార్య ఈరమ్మకి ఒకటే బెంగ.

చేతికొచ్చిన మొదటి పని ఇంగ్లండులో నెదర్ క్విల్టన్ అనే గుప్పెడు ఇళ్ల పల్లె చరిత్రని వెబ్‌సైటులో పెట్టడం. చర్చి, రాతివంతెన, పాత పిండిమర, చర్చి గోడకి ఆనుకుని నాలుగు వందల ఏళ్లనాటి పబ్బు. ఫొటోలన్నీ ఆ ఊరివాళ్లే పంపారు. పైడిరాజు మురిసిపోయి, సొంతూరిలా ముస్తాబు చేశాడు. పబ్బు దగ్గరికొచ్చేసరికి చెయ్యాడలేదు. దేవుడి గోడ పక్కన తాగుడుకొట్టా! సంబంధం కలుపుకోవాలని వచ్చినవాడు చూస్తే ఏమనుకుంటాడు? ఆ ఫొటో తీసేసి, ఆ జాగాలో చర్చినే ఇంకో పక్కనుంచి చూపించాడు. ఇంతటి మర్యాదస్థుణ్ణి ఎవరు కాదంటారు!

ఊరు ఊరంతా కాదంది. మా పబ్బేదని నలభై మూడు సంతకాలతో ఫ్యాక్సు దిగింది.

"ఏంది అంకుల్ గిట్ల చేసినవ్? నువ్వే ఫోన్ చేసి మాట్లాడు. వాళ్లు పోతే నీ నౌకరి గూడ పోతది," అన్నాడు మేనేజరు శ్యాంసుందర్. అతనిది వరంగల్. కోపంలోనూ అంకుల్ అనడం మానడు.

సాయంత్రం ఏడింటికి, అంటే అక్కడి మధ్యాహ్నానికి, పైడిరాజు ఫ్యాక్సు మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికేదేదీ తోచక ఉన్నమాటే చెప్పేశాడు. మావాళ్లు గుడి పక్కన కల్లుకొట్టుంటే చుట్టాలకి చూపించరు, మీ పరువు కోసమే దాచానన్నాడు.

అవతల మనిషి ఆ మాటే గట్టిగా ఇంకెవరికో చెప్పాడు. గుప్పున నవ్వులు, గ్లాసుల గలగల. పైడిరాజు ఫోన్ చేసింది పబ్బుకే! ఊరిపెద్దే దాని యజమాని. చర్చి ఫాదరు కూడా అక్కడే కూర్చుని భోంచేస్తున్నారట. మా పరువు గురించి ఇంతగా ఆలోచించినవాడు మా ఊళ్లోనే లేడు, పబ్బు ఫొటో పెట్టెయ్, చుట్టుపక్కల మూడు ఊళ్ల పేజీలూ నువ్వే చెయ్యాలి, అన్నాడు పెద్దమనిషి.

మర్నాడే శ్యాంసుందర్ ఉద్యోగం ఖాయమని కాగితం చేతిలో పెట్టాడు. పైడిరాజు టాంపినీస్‌లోని తన ఫ్లాట్‌కి పరుగున వెళ్లి సంగతంతా చెప్పాడు. ఈరమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు, నవ్వూ ఆగలేదు, మాట చివర సింగపూరువాళ్ల 'లా' కూడా ఆగలేదు.

"ఏటి ఇడ్డూరం! పుట్టి బుద్దెరిగాక సుక్క ముట్టనోడివి. నీ ఉజ్జోగం ఆఖరికి కల్లుకొట్టోడే నిలబెట్టాడు లా!"