సున్నా పడని పళ్ళెం

ఆయన్ని అందరూ ఉఫ్ మేస్త్రి అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. చెక్క మీద పెన్సిల్ గీత గీయడం, గీత వెంట ఉలి ఆడించడం, మూతి గుండ్రంగా చుట్టి 'ఉఫ్'మని పొట్టు ఊదడం, మళ్ళీ గీత చూసుకోవడం. పదహారో ఏట పట్టిన అలవాటు, యాభై దాటినా వదల్లేదు. పనివాడన్నాక గీత తప్పకూడదు, గీత కనపడాలంటే ఊదాలి. ఆయనకి తెలిసిన శాస్త్రం అంతే.

షాపంటే షట్టరున్న ఒక పొడుగాటి గది. ముందు కోత మెషిన్, దాని పక్కన చిత్రిక మెషిన్, మధ్యలో ఆయన బల్ల, వెనక కిటికీ దగ్గర ఆయన భార్య పాలిష్ మూల. చెక్కకి రూపం ఆయనది, మెరుపు ఆవిడది. ఇరవై నాలుగేళ్ళుగా తలుపులూ బీరువాలూ ఆయన చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్ళి, అక్కణ్ణించి వీధిలోకి వెళ్ళాయి. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడుకుంటే గొప్ప. కానీ ఆవిడ ఏ పెళ్ళికో వెళ్ళిన రోజున ఈయన ఉలి ఎక్కడ పెట్టాడో ఈయనకే తెలిసేది కాదు.

ఆవిడ దగ్గుని ముందు ఎవరూ లెక్కచెయ్యలేదు. పొట్టులో బతికేవాళ్ళకి దగ్గు రాక పాటలొస్తాయా అనుకున్నారు. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడ్డ రోజున మాత్రం డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు.

"కంటికి కనపడే పొట్టుతో పెద్ద బాధ లేదమ్మా. పిండిలా గాల్లో తేలేదుందే, అదీ అసలు శత్రువు. మీ ఛాతీలో గొట్టాలు వాచి సన్నబడ్డాయి. రెండు నెలలు ఆ గది గడప తొక్కద్దు. ఈలోగా అక్కడ దుమ్ము లేకుండా చేసుకుంటే సరే. లేదంటే ఆ పని మర్చిపోండి" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఆవిడ తన పాలిష్ గుడ్డలన్నీ ఉతికి ఆరేసింది. సాయంత్రం వాటిని చక్కగా మడతపెడుతుంటే మేస్త్రి చూశాడు.

"అవెందుకే మడుస్తున్నావు?"

"ఎవరికైనా పనికొస్తాయని."

 ఆ మూల ఖాళీగా ఉంటే తను చేసే తలుపు ఎవరి కోసం నునుపు చెయ్యాలో మేస్త్రికి తోచలేదు. "నీ గుడ్డలు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. రెండు నెలల్లో నీ మూల నీకు అప్పజెప్పకపోతే అప్పుడడుగు" అన్నాడు. అని, ఎలాగో తెలియక ఆ రాత్రంతా పక్క మీద దొర్లాడు.

తెల్లారి ఆవిడ అన్నగారి దగ్గరికి పోయాడు. బావగారు మోటార్లు బాగుచేసే మనిషి. చెయ్యి మంచిది, నోరే ఒక క్షణం ఊరుకోదు. విషయం వినగానే రెండు గుర్రాల శక్తి ఉన్న మోటారుకి ఇనప రెక్కల పంఖా బిగించి తెచ్చేశాడు. ఏర్పాటు చిన్నదే. ప్రతి మెషిన్ కిందా ఒక గొట్టం. అన్నీ కలిసి ఒక ఇనప డ్రమ్ములోకి. బరువు పొట్టు డ్రమ్ములో పడుతుంది, సన్నటి దుమ్ము పంఖా దాటి వెనక గోడ అవతల రేకు కింద వేలాడే మందపాటి గుడ్డ సంచిలో చిక్కుతుంది. సంచి ఆవిడే కుట్టింది, రెండు వరసల కుట్టుతో.

గొట్టాల దగ్గరే పప్పులో కాలేశారు. బావగారి షెడ్డులో నీళ్ళ పైపులు పడున్నాయి, రెండంగుళాలవి. "ఇవి చాలు బావా. మొక్కలకి నీళ్ళు పెట్టేటప్పుడు గొట్టం మూతి బొటనవేలితో నొక్కితే జోరు పెరగదూ? సన్న గొట్టం, ఎక్కువ జోరు" అన్నాడు. మేస్త్రికి అది వేదవాక్కులా వినపడింది.

పరీక్షకి ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. నల్ల రంగు వేసిన పళ్ళెం ఒకటి తన మూలలో పొద్దున పెట్టించి, సాయంత్రం గడప బయటికి తెప్పించి, దాని మీద వేలితో మార్కు వేస్తానంది. మొదటి రోజు మెషిన్ ఆన్ చేశారు. పంఖా విమానంలా అరిచింది. పావుగంటలో చిత్రిక పొట్టు వంపు దగ్గర బిరడాలా బిగుసుకుపోయి, మిగిలిందంతా గదిలోకే ఎగిరింది. సాయంత్రం ఆవిడ పళ్ళెం మీద వేలితో ఇంత సున్నా చుట్టింది. దుమ్ములో అది ముగ్గులా పడింది.

"మోటారు చాల్లేదు, ఇంకా పెద్దది చూస్తా" అన్నాడు బావగారు.

"మోటారు కాదన్నయ్యా" అంది ఆవిడ, మధ్యలో దగ్గుకుని. "నీళ్ళని వెనకనించి తోస్తారు. ఇది పీల్చాలి. నాకు ఊపిరాడనిది ఎందుకట? గొట్టాలు సన్నబడే కదా. నన్నెంత గట్టిగా పీల్చమన్నా లోపల దారి లేనిదే గాలి ఎలా వస్తుంది?"

బావగారు తన నీళ్ళ పైపులు తనే ఊడదీయడం మొదలెట్టాడు. మేస్త్రి మాత్రం ఆ జవాబుకి సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడిపోయాడు. ఆవిడ జబ్బే వాళ్ళకి పాఠం చెప్పింది.

మర్నాడు అయిదంగుళాల గొట్టాలొచ్చాయి. వంపులు తగ్గించారు, అతుకులన్నిటికీ టేపు చుట్టారు, వాడని మెషిన్ గొట్టానికి చెక్క మూత పెట్టారు. ఈసారి పొట్టు గలగలమంటూ డ్రమ్ములోకి పోయింది. అయినా పళ్ళెం మీద సున్నా పడుతూనే ఉంది. పలచబడిందిగానీ పోలేదు. వారం, రెండు వారాలు, నెల దాటింది. మేస్త్రి అతుకులు మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. తప్పెక్కడో దొరకలేదు. గడువు పన్నెండు రోజుల్లోకొచ్చింది.

ఆ రోజు ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని, వీధిలో కుర్చీ వేయించుకుని గదిలోకే చూస్తూ కూర్చుంది. వెనక కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. కోత మెషిన్ ఆడింది, ఎండ తేటగానే ఉంది. చిత్రిక ఆడింది, తేటగానే ఉంది. మేస్త్రి ఉలి పట్టాడు, వంగాడు, 'ఉఫ్'. ఎండ నిండా పొగ లేచింది.

"ఏమండీ, వెతకడం ఆపండి. దొరికింది."

"ఎక్కడ కారుతోంది?"

"మీ మూతి దగ్గర."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని మాత్రం ఇల్లాలు పట్టేసింది. మేస్త్రి ఉలి కింద పెట్టాడు. ఇరవై నాలుగేళ్ళు తను గీత కోసం ఊదిందంతా వెనక మూలలో ఆవిడ పీల్చిందన్నమాట. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి సిగ్గేసింది, కళ్ళు తడిశాయి. ఆవిడ చూసి, "పోనిద్దురూ, నేను మాత్రం ఏనాడైనా చెప్పానా, నాకూ ఆ చప్పుడు అలవాటేగా" అంది.

బల్ల పక్కకి ఇంకో గొట్టం దింపారు, చివర బ్రష్షుతో. గీత కనపడాలంటే దాంతో తుడవాలి, ఊదకూడదు. చెప్పడం తేలికే. పెదాలు వాటంతటవే గుండ్రంగా తిరిగేవి. ఆఖరికి మేస్త్రి పెదాల మధ్య పెన్సిల్ కరుచుకుని పని చేశాడు. చూసినవాళ్ళు నవ్వారు. నవ్వనీ అన్నాడు, పెన్సిల్ తియ్యకుండానే.

గడువు చివరి సాయంత్రం పళ్ళెం గడప దగ్గరికొచ్చింది. బావగారూ వచ్చాడు. ఆవిడ వేలు ఆనించి నిదానంగా చుట్టింది. తీసి చూసింది. పళ్ళెం నల్లగా ఉంది, వేలు శుభ్రంగా ఉంది. మళ్ళీ చుట్టింది.

"సున్నా వేద్దామన్నా పడట్లేదండీ" అంది.

డాక్టరమ్మ మర్నాడు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. మెరుగైందంది. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, నెలనెలా చూపించుకోండి, వెళ్ళండి అంది. ఆవిడ సరాసరి షాపుకే వచ్చింది, మడత విప్పని గుడ్డల మూటతో. గడప దాటి, తన మూలకెళ్ళి, కిటికీ తలుపు తోసి, గుడ్డ తడిపి తలుపుచెక్క మీద మొదటి చెయ్యి వేసింది.

మేస్త్రి తన బల్ల మీద గీత గీశాడు, ఉలి ఆడించాడు. గొట్టం పొట్టుని లాగేసింది. పెన్సిల్ చెవి మీద ఉంది. పెదాలు మాత్రం పాత అలవాటుకొద్దీ గుండ్రంగా తిరిగాయి, ఊదడానికేమో పొట్టు లేదు. ఊపిరి దారి వెతుక్కుని సన్నగా ఈలై బయటికొచ్చింది.

వెనక మూలలో గుడ్డ ఆడటం ఆగింది. "ఇరవై నాలుగేళ్ళలో మీకు ఈల వచ్చని నాకు తెలీదు" అంది ఆవిడ.

"నాకూ తెలీదు" అన్నాడు మేస్త్రి. మళ్ళీ వేశాడు.